కోలారు సీమలో బండి విప్పుకొనే చోట్లు

మన సంఘం ఉగాది సంచికకు గనుల చరిత్ర ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఎప్పటివలెనే బంగారం లెక్కలూ, షాఫ్టుల లోతులూ వ్రాసి పంపుదామనుకున్నాను. అవి ఇదివరకే పలువురు వ్రాశారు. నేనూ ఒకటి రెండు మార్లు వ్రాసి పాఠకుల సహనాన్ని పరీక్షించినవాడనే. ఈలోగా ఒక చిన్న సంఘటన జరిగి నా ఆలోచన వేరే దారి పట్టినది.

గడచిన కార్తీకంలో ఒకనాటి సాయంకాలం, రాబర్ట్‌సన్‌పేటలో మా వీధి చివర ఖాళీ స్థలంలోకి ఒక పాత బడిబస్సు వచ్చి ఆగింది. పైన నీలం రంగు పూశారు గాని కిటికీల అంచుల్లో పాత పసుపు ఇంకా కనిపిస్తూనే వున్నది. లోపల బెంచీలన్నీ ఊడదీసి, మంచం, గ్యాసుపొయ్యి, నీళ్ళ తొట్టి, పుస్తకాల అర అమర్చుకున్నారు. పైకప్పు మీద ఎండ నుంచి కరెంటు తీసే పలకలు. బస్సులో భార్యాభర్తలు, ఐదేళ్ళ పాప. అబ్బాయి పూర్వులది పలమనేరు ప్రాంతమట. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం, ఎక్కడ కూర్చున్నా చేసుకోవచ్చునట. “తాతా, ఈ రాత్రికి ఇక్కడ బస్సు నిలుపుకోవచ్చునా?” అని అడిగాడు. “నిలుపుకో నాయనా, దానికేమి?” అన్నాను.

నా మాటకు వున్న విలువ రెండు గంటల్లోనే తేలిపోయింది. రాత్రి పది కాకముందే ఇరుగుపొరుగువారు నలుగురు వచ్చి, వీరెవరు, ఎందుకు వచ్చారు, మురికినీళ్ళు ఎక్కడ పోస్తారు అని నిలదీశారు. గస్తీ జవాను ఒకరు వచ్చి, తెల్లవారేసరికి కదలాలన్నాడు. అప్పటికి మూడు రోజులుగా వారి అవస్థ అదేనట. చెరువు కట్ట మీద నిలిపితే చేపల పాటదారు లేపాడు, గుడి ముందు నిలిపితే ఉత్సవం వున్నదన్నారు, పెట్రోలు బంకులో ఒక రాత్రి సరేనని రెండో రాత్రి కాదన్నారు. పొద్దున కాఫీ తాగుతూ ఆ అబ్బాయి, “పూర్వం బండ్ల మీద తిరిగేవాళ్ళు ఎక్కడ దిగేవాళ్ళు తాతా?” అని అడిగాడు. అప్పటికి నాకు తోచింది కొద్దిగానే చెప్పాను. ఆ మిగిలిన జవాబే ఈ వ్యాసం.

చక్రాల మీద ఇల్లు మనకు కొత్త కాదు. గూడుబండి అన్న మాటలోనే గూడు వున్నది. వెదురు బద్దలు వంచి, పైన చాపలు కప్పి, కింద వరిగడ్డి పరచి, వెనుక వంటసామాను కట్టుకొని సాగే ఆ బండ్లలో పురుళ్ళు పోసుకున్నవారు వున్నారు, పెళ్ళిళ్ళు చేసుకొని వచ్చినవారు వున్నారు. ఎడ్లబండి రోజుకు పది పన్నెండు మైళ్ళకు మించి నడవదు. కనుక ప్రతి పది మైళ్ళకూ ఒక మజిలీ వుండి తీరాలి. మజిలీకి కావలసినవి నీళ్ళు, నీడ, పశువులకు గడ్డి. నాలుగవది అనుమతి. మొదటి మూడింటిని ప్రకృతి ఇస్తుంది. నాలుగవదానిని మనిషే ఇవ్వాలి. బస్సువారికి మా వీధిలో దొరకనిది ఆ నాలుగవదే.

కోలారు జిల్లాలో ఆ అనుమతికి ఒక రూపం వుండేది. దానిని కన్నడంలో గుండుతోపు అంటారు, మనం తోపు అనేస్తాం. ఊరి పొలిమేరలో, ఎవరి పట్టా కిందకూ రాని నేలలో చింత, మామిడి, నేరేడు, కానుగ చెట్లు గుంపుగా పెంచేవారు. పండ్ల మీద వచ్చే ఆదాయం ఊరిది, నీడ మాత్రం దారిన పోయేవారందరిది. పక్కనే కుంటో బావో వుండేది. జాతర వస్తే బండ్లు అక్కడే దిగేవి. ములబాగలు, శ్రీనివాసపురం, చింతామణి ప్రాంతాల్లో పొలిమేర దగ్గర ఇప్పటికీ ముసలి చింతలు కొన్ని కనిపిస్తాయి. అవి ఎవరో ఒక పుణ్యాత్ముడు నాటినవి కాబోలు అనుకొని సాగిపోతాం. అవి ఒకప్పటి రవాణా వ్యవస్థ మిగిల్చిన ఆనవాళ్ళు.

తోపులో దిగిన బండివాని దగ్గరకు ఊరి తలారి వచ్చేవాడు. ఏ ఊరు, ఏం తెచ్చారు, ఎన్నాళ్ళుంటారు అని అడిగి, ఆ సంగతి పటేలుకో శానుభోగుకో చేరవేసేవాడు. ఏం తెచ్చారన్న రెండో ప్రశ్న మీదనే తక్కినదంతా ఆధారపడి వుండేదని నా అభిప్రాయం. ఉప్పు తెచ్చినవాడు, గాజులు తెచ్చినవాడు, రాయి కొట్టగలవాడు, ఆట ఆడగలవాడు నాలుగు రోజులు వుండవచ్చు. ఏమీ తేనివాడు మర్నాడు సాగాలి. కైవారం తాతయ్యగా మన తెలుగు కన్నడ ప్రజలు కొలిచే నారాయణప్ప, యోగి కాకమునుపు గాజుల మలారం మోసుకొని ఊరూరా తిరిగినవాడే అని సంప్రదాయం చెబుతున్నది. ఆయన కైవారం 2007 వరకు కోలారు జిల్లాలోనిదే, నేడు చిక్కబళ్ళాపురం జిల్లాలో చేరినది. అమర నారేయణ శతకం తెలుగులో చెప్పిన ఆ మహానుభావుడు ఎన్ని ఊళ్ళ అరుగుల మీద మలారం దించి నిదురపోయాడో!

ఇక దారుల సంగతి. బెంగుళూరు నుంచి హొసకోట, కోలారు, ములబాగలు, నంగలి, పలమనేరు, చిత్తూరుల మీదుగా మద్రాసుకు పోయే పాత బాట ఈ జిల్లాను నిలువునా చీలుస్తుంది. తిరుపతి యాత్రికులకు అదే దారి. ములబాగలు పేరు మూడలబాగిలు, అంటే తూర్పు వాకిలి అనే మాట నుంచి వచ్చింది. కోలారులో అంతరగంగ ఊట, ములబాగలులో నరసింహతీర్థం యాత్రికులకు నీటి వసతులు. మఠాలు, సత్రాలు కూడా వుండేవి. అయితే ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సత్రం వాకిలి అందరికీ తెరిచి వుండేది కాదు. భోజనం ఏ కులంవారికి, పడక ఏ కులంవారికి అన్న నియమాలు చాలా సత్రాల్లో వుండేవి. తరువాత వచ్చిన ట్రావెలర్స్ బంగళాలు దొరలకు, అధికారులకు. మిగిలిన ప్రజానీకానికి చెట్టే సత్రం. మన పూర్వుల అతిథి మర్యాదను పొగుడుకునే వేళ ఈ సంగతి మరువరాదు. తోపు ఎంత ఉదారమైనదో చెప్పడానికైనా సత్రం ఎంత ఇరుకైనదో చెప్పక తప్పదు.

ఈ బాట మీద బండ్లకంటె ముందు నడిచినవి పెరిక ఎద్దులు. వేల కొలది ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోయించి లంబాడీలు దేశమంతా తిరిగేవారు. 1791లో కారన్‌వాలిస్ ప్రభువు టిప్పు సుల్తాను మీదకు దండెత్తి మొగిలి కనుమ ఎక్కి వచ్చినప్పుడు కోలారు, హొసకోట కోటలు లొంగిపోయాయి. మార్చిలో బెంగుళూరు కోట పడిపోయింది. ఆ దండయాత్రలో సైన్యాలకు తిండి అందించినవారిలో లంబాడీలు ముఖ్యులు. ఫిరంగి ఎంత పెద్దదైనా లంబాడీ బిడారు వెనుకబడితే దండు ఆగవలసిందే. అటువంటి బిడారు వచ్చి దిగితే ఏ ఊరి పటేలు కాదనగలడు? గడ్డి మేస్తాయి నిజమే, గింజలు కూడా తెస్తాయి గదా.

దిగినందుకు బాడుగ ఇవ్వడం సరే, దిగినందుకు ఎదురు బాడుగ పుచ్చుకునేవారు కూడా వున్నారు. గొర్రెల మంద వచ్చిందంటే రైతు ఎదురుపోయి, “మా చేలో కట్టండి” అని బతిమాలేవాడు. రాత్రంతా మంద చేలో పడుకుంటే ఎరువు దానంతటదే పడుతుంది. అందుకు మందవానికి గింజలు, పైకం ఇచ్చేవారు. మా చిన్నతనంలో బేతమంగళం వైపు ఇది చూశాను. నిలుపుకొనే చోటు కోసం ఇప్పుడు దేశదేశాల్లో తిరుగుతున్నవారికి ఈ సంగతి చెబితే నమ్మరు. దిగినవాడు నేలలో ఏం వదిలిపోతాడన్నదే అక్కడ లెక్క. మంద ఎరువు వదిలింది. బస్సు మురికినీటి తొట్టి వదులుతుందని మా వీధివారి భయం. భయం అన్యాయమని నేను అనలేను. అయితే ఆ తొట్టిని ఎక్కడ ఖాళీ చేయాలో చెప్పే ఏర్పాటు మన ఊళ్ళలో ఎక్కడ వున్నది?

తెలుగు మాట్లాడుతూ కన్నడ దేశమంతా తిరిగినవారిలో వడ్డెరలను మొదట చెప్పుకోవాలి. వారిలో మన్ను వడ్డెలు, రాతి వడ్డెలు, బండి వడ్డెలు అనే తెగలు వున్నాయి. చెరువు తవ్వినా, కట్ట వేసినా, రైలుదారికి మట్టి ఎత్తినా వారి చేయి పడవలసిందే. పని దగ్గరే గడ్డీ చాపలతో పొట్టి గుడిసెలు వేసుకొని, పని ముగియగానే విప్పి బండికెత్తేవారు. నేడు కోలారు చెరువుల జిల్లా అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ చెరువుల మట్టి మోసినవారి ఇల్లు ఒక ఏడాదికి మించి ఒక చోట నిలిచినది కాదు. ఆ నాలుగవ వసతి, అనుమతి, వారికి పనితోపాటు వచ్చేది, పనితోపాటు పోయేది.

అలాగే ఎరుకలవారు. కోస్తా నుంచి ఉప్పు, లోతట్టు నుంచి చింతపండు, ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకొని కనుమలు ఎక్కి దిగేవారు. ఇటువైపు వారిని కొరచలు, కొరవలు అంటారు. 1864లో జోలార్‌పేట నుంచి బెంగుళూరు దండు ప్రాంతానికి రైలు వచ్చింది. ఆ దారిలోని ఒక స్టేషనుకు, మైసూరు కమిషనరుగా వున్న బౌరింగు దొర పేరిట బౌరింగుపేట అని పేరు పెట్టారు, అదే నేటి బంగారుపేట. రైలు ఒక్క బోగీలో తెచ్చే ఉప్పు వంద గాడిదలు మోయలేవు. ఉప్పు వర్తకం చేజారిన కుటుంబాలు తోపుల్లో దిగుతూనే వున్నాయి. తలారి ప్రశ్న అదే, జవాబు మాత్రం మారింది. ఇప్పుడు ఏం తెచ్చారంటే చెప్పుకోవడానికి చాపలు, బుట్టలు, సోది తప్ప లేవు.

1871లో దొరతనంవారు నేరస్థ జాతుల చట్టం అని ఒకటి చేశారు. మొదట అది ఉత్తర దేశానికి. 1911లో తిరిగి వ్రాసిన చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవారినీ, ఇంకా పలు సంచార జాతులనూ పుట్టుకతోనే అనుమానితులుగా పట్టికల్లో ఎక్కించారు. పేరు నమోదు కావాలి, వేలిముద్ర వేయాలి, ఊరు దాటితే చీటీ చూపాలి. గుంటూరు సీమలో స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు అప్పుడు వెలసినవే. మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అయితే చట్టం పోయినంత సులువుగా కన్ను పోదు. మా వీధిలో ఆ రాత్రి నీలం బస్సును చూసిన కంటిలో ఆ పాత చూపు కొంత వున్నదని నాకు అనిపించింది. ఆ అబ్బాయి ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడేసరికి అది కొంత సడలింది. బుట్టలవాడైతే సడలేది కాదు.

చిత్రమేమంటే, ఆ చట్టం పుట్టిన 1871లోనే బంగారం కోసం ఒక తెల్లవాడు ఎడ్లబండి ఎక్కి కోలారు వైపు బయలుదేరాడు. ఆయన మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్. న్యూజీలాండు యుద్ధాల్లో పనిచేసి, బెంగుళూరు దండులో స్థిరపడిన మాజీ సిపాయి. బెంగుళూరులోని లావెల్ రోడ్డు ఆయన పేరిటిదే. 1802లో సరిహద్దులు కొలుస్తూ వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఊరిగాం, మారికుప్పం ప్రాంతంలో బంగారం వున్నదని వ్రాసిపెట్టాడు. బంగారం చూపినవారికి బహుమానమంటే, గ్రామస్థులు బండ్లలో మట్టి తెచ్చి ఆయన ఎదుట కడిగి చూపారట. ఆ వ్రాతను చదివి లావెల్ అరవై మైళ్ళు బండిలో వచ్చాడు. ఎక్కడ నచ్చితే అక్కడ బండి విప్పాడు, నచ్చినచోట గోతులు తవ్వాడు. ఏ తలారి ఆయనను ఎన్నాళ్ళుంటావని అడిగాడు? 1875లో మైసూరు ప్రభుత్వం తవ్వకానికి అనుమతి ఇచ్చింది. డబ్బు చాలక ఆయన ఆ హక్కును ఇతరులకు వదులుకున్నాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది, ఆ దశాబ్దం నడుమ మైసూరు గనిలో అసలు పాయ దొరికింది.

తరువాతి కథ మన సంచిక పాఠకులు ఎరిగినదే. 1894లో బౌరింగుపేట నుంచి మారికుప్పానికి రైలు, 1902లో శివసముద్రం నుంచి కరెంటు. ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుంచి తమిళులు, చిత్తూరు, కడప వైపుల నుంచి తెలుగువారు వేలాదిగా వచ్చారు. చిత్తూరు అప్పటికి ఉత్తర ఆర్కాటులోనిదే, 1911లో గాని వేరు జిల్లా కాలేదు. మా తాత పుంగనూరు వైపు నుంచి గూడుబండిలో వచ్చాడు. ఎడ్లను బౌరింగుపేట సంతలో అమ్మి, ఆ బండి చెక్కలతోనే కంపెనీ లైనులోని గుడిసెకు తలుపు చేసుకున్నాడని మా నాయనమ్మ చెప్పేది. తలుపు కింద ఇరుసు రంధ్రం వుండేదట, దానిలోంచి పిల్లి వచ్చి పోయేదట.

ఆ లైనులే ఈ కథలో అసలు మజిలీ. గని నేలంతా మైసూరు ప్రభుత్వం కంపెనీలకు కౌలుకు ఇచ్చినది. తీసిన బంగారంలో నూటికి ఐదు వంతున రాయల్టీ పుచ్చుకునేది. ఆ నేల మీద వెదురు తడికలు, మట్టి, పైన రేకో గడ్డో వేసి, గుడిసెలు బారులుగా కట్టి, కూలీలకు ఇచ్చారు. గోడ తట్టి, పునాది అంతంత మాత్రం. చక్రాలు లేవన్న మాటే గాని ఆ ఇల్లు బండి కంటె ఎక్కువ స్థిరమైనది కాదు. షాఫ్టులో పని వున్నంతవరకు ఇల్లు, పని పోతే ఖాళీ చేయాలి. లోపల మనిషి చనిపోయినా, అతని కొడుకు పనిలో చేరితేనే కుటుంబం ఆ తడికల వెనుక నిలిచేది. బండి వడ్డెవాడు పని ముగియగానే గుడిసె విప్పి బండికెత్తేవాడు. మనవారికి బండి కూడా లేదు.

1898లో బెంగుళూరుకు ప్లేగు వచ్చి, తరువాత ఈ ప్రాంతాలకూ పాకినది. ఎలుక రాలిందంటే ఇళ్ళు విడిచి పొలాల్లో పాకలు వేసుకొని నెలలకొద్దీ వుండడం అప్పట్లో మైసూరు రాజ్యమంతటా వాడుక. మేడలవారు, గుడిసెలవారు అన్న భేదం లేకుండా అందరూ కొంతకాలం బిడారు బ్రతుకు బ్రతికారు. గనుల పక్కన వరుస వీధులతో రాబర్ట్‌సన్‌పేట ఆ కాలపు రెసిడెంటు పేరిట రూపుదిద్దుకున్నది. కంపెనీ నేల బయట సొంతంగా ఒక గజం స్థలం కొనుక్కోగల చోటు సామాన్యునికి అప్పుడు దొరికింది. అందరూ కొనలేదు, కొనలేరు. 1930లో కూలీలందరి వేలిముద్రలు తీసుకొని నమోదు చేయాలన్నప్పుడు గనుల్లో పెద్ద సమ్మె జరిగింది. వేలిముద్ర అంటే ఆ రోజుల్లో ఎవరి నుంచి తీసుకునేవారో పైన చెప్పాను. అంత కోపం ఎందుకు వచ్చిందో గ్రహించడానికి అది చాలును.

1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకున్నది, 1962లో కేంద్రం, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, ఎనిమిది వందల టన్నుల పరిమాణంలో బంగారం తీసి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పని పోతే ఇల్లు ఖాళీ చేయాలన్న పాత నియమం ఒక్కసారిగా వేల కుటుంబాల ముందుకు వచ్చింది. మూడు తరాలుగా వున్న ఇల్లు తమది అవునా కాదా అన్న తగవు కోర్టుల్లోనూ కచేరీల్లోనూ ఏళ్ళ తరబడి నలిగింది. జనం మాత్రం కదలలేదు. తెల్లవారుజామున మారికుప్పం నుంచి బెంగుళూరుకు రైలెక్కి, రాత్రికి తిరిగి వచ్చి ఆ లైనులోనే పడుకుంటున్నారు. నా స్నేహితుడొకడు ముప్పై ఏళ్ళు షాఫ్టులో దిగినవాడు, “బండి ఇరుసు విరిగిన చోటే మన ఊరు” అంటాడు.

తెలుగునాట ఇల్లూ వృత్తీ ఒకే బండిలో వేసుకు తిరిగిన మరొక కుటుంబం సురభివారిది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టిన ఆ నాటక సమాజం, తాతలు తండ్రులు పిల్లలు అందరితో ఊరూరా డేరాలు వేసి బ్రతికింది. తెరవెనుకే వంట, తెరవెనుకే పురుడు. వారికి కావలసినదల్లా ఊరి మధ్య ఒక మైదానం, రెండు మూడు నెలల గడువు. ఆట బాగున్నంతకాలం మైదానం దొరికింది. సినిమా వచ్చాక అది కూడా కష్టమైంది. ఎందరో కళాకారులు చివరికి హైదరాబాదు వద్ద లింగంపల్లిలో ఒక చోట స్థిరపడ్డారు.

విదేశాల్లో వున్న మన సంఘ సభ్యులు బడిబస్సు ఇళ్ళను చూసే వుంటారు. అమెరికాలో బడిబస్సుకు పసుపు రంగు 1939లో కొలంబియా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక సదస్సులో ఖాయమైనది. అవి పాతబడితే చౌకగా అమ్ముతారు. కొన్నవారు ఇల్లు చేసుకుంటారు. వారికీ ఇదే బాధ. ఊళ్ళలో రాత్రి నిలపకూడదనే నియమాలు చాలాచోట్ల వున్నాయి. అయితే పడమటి రాష్ట్రాల్లో కేంద్ర ప్రభుత్వపు బీడు భూములు విస్తారంగా వున్నాయి, వాటిలో చాలాచోట్ల ఇరవైఎనిమిది రోజుల్లో పద్నాలుగు రోజుల వరకు ఉచితంగా నిలుపుకోవచ్చు. తలారి మూడో ప్రశ్నకు అక్కడివారు అంకె వేసి పెట్టారన్నమాట. బ్రిటనులో 1968 నాటి చట్టం జిప్సీలకు బండ్లు నిలుపుకొనే స్థలాలు చూపే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. 1994లో ఇంకొక చట్టం ఆ బాధ్యతను తీసివేసింది. ఇచ్చిన తోపును ఇరవైఆరేళ్ళకు నరికినట్లయింది.

మన దేశంలో బస్సును ఇల్లుగా మార్చాలంటే మొదట మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డువస్తుంది. అనుమతి లేకుండా బండి రూపు మార్చరాదు. ఆ అబ్బాయి దానికే ఎనిమిది నెలలు తిరిగాడట. కేరళ 2021లో కారవాన్ల కోసం ఒక విధానం చేసింది, ఆ తరువాత వాగమణ్‌లో వాటిని నిలుపుకొనే స్థలం కూడా వెలసింది. అది విహారయాత్రికులకు మంచిదే. నివాసముండేవారి సంగతి వేరు. వారం రోజుల విడిదికి ఇచ్చే బాడుగను ఏడాది పొడుగునా ఎవరు ఇచ్చుకోగలరు?

అందుకే నాకు మళ్ళీ గుండుతోపులే గుర్తుకు వస్తాయి. కొన్నింటిని నరికి ఇళ్ళ స్థలాలు చేశారు, కొన్నింటిలో బడులు, కార్యాలయాలు కట్టారు. అవి కూడా అవసరాలే గనుక తప్పు పట్టలేను. కొన్నింటిని మాత్రం పక్క పొలాలవారు ఏడాదికొక చాలు చొప్పున దున్ని కలుపుకున్నారు. మిగిలినవాటిలో ఒక కొళాయి, ఒక మరుగుదొడ్డి, మురికినీటికి ఒక గుంత ఏర్పాటు చేసి, రాత్రికి ఇంత అని పంచాయతీ పుచ్చుకుంటే, ఆ డబ్బుతో చెట్లు బతుకుతాయి. బస్సువారే కాదు, గొర్రెల మందవారు, కోతయంత్రాలు వేసుకొని వచ్చేవారు, తిరుపతికి నడిచిపోయే గోవిందమాలవారు అందరూ దిగవచ్చు. ఈ మాట మా ప్రాంతపు పంచాయతీ సభ్యులొకరితో అన్నాను. “మంచి మాటే గాని, ఆ తోపు ఇప్పుడు రికార్డులో ఎవరి పేరున వున్నదో చూడాలి సార్” అన్నారు. ఇంకా చూస్తూనే వున్నారు.

బస్సువారు ఆ మర్నాడే వెళ్ళిపోయారు. శివరాత్రి దాటాక ఆ అబ్బాయి ఆవని నుంచి ఫోను చేశాడు. ములబాగలు దగ్గర ఆవనిలో రామలింగేశ్వరుని జాతర, దానితోపాటు పెద్ద పశువుల సంత జరుగుతాయి. నొళంబుల కాలపు గుళ్ళు వున్న ఊరు. వాల్మీకి ఆశ్రమం అక్కడే వుండేదనీ, సీతమ్మ కుశలవులను అక్కడే కన్నదనీ స్థలపురాణం. ఇల్లు పోయిన ఇల్లాలికి చోటిచ్చిన ఊరన్నమాట. సంత మైదానంలో ఎడ్ల జతల నడుమ తనకు కూడా చోటు దొరికిందనీ, లారీకి వేసినంత సుంకమే వేసి రసీదు ఇచ్చారనీ, రసీదులో వాహనం అన్న చోట ఏం వ్రాయాలో తోచక గుమాస్తా కాసేపు ఆలోచించి ‘బండి’ అని వ్రాశాడనీ చెప్పాడు. పక్కన దిగిన రైతు, పలమనేరు వైపువాడేనట, పాపకు దూడను పట్టుకొని నిలబడడం నేర్పాడట. మూడు రాత్రులు వుండి, సంత ముగిసిన నాడు అందరితోపాటే కదిలారు.